వెనక సీట్లోంచి కనపడని కారు

‘టాక్సీవాలా’ 2018 నవంబరులో వచ్చింది. అప్పుడు థియేటర్లో చూసి, బాగానే నవ్వుకుని, మర్చిపోయాను. ఈ మధ్య మళ్ళీ చూశాను. ఈసారి కారణం విజయ్ దేవరకొండ కాదు, ఆ సినిమాలో ఆయన కొన్న కాంటెస్సా. ఎందుకంటే ఈలోపు నేనూ ఒక ముసలి కారు కొన్నాను. నాది అదే హిందుస్థాన్ మోటార్స్ కడుపున పుట్టిన అంబాసిడర్. ఏడాదిగా నా శని, ఆదివారాలు దానికే పోతున్నాయి. కోడ్‌లో బగ్ ఎక్కడుందో వెతకడం నా ఉద్యోగం కాబట్టి, రేకులో తుప్పు ఎక్కడుందో వెతకడం కూడా అలాంటిదేలే అనుకుని దిగాను. కాదని తెలిసింది. ఆ తెలిసినదాంతో సినిమా చూస్తే ఇంకో సినిమా కనపడింది.

ముందు కారు సంగతి చెప్పాలి. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు షెడ్డు కింద, ఊక దుమ్ములో దొరికింది. 1991 నాటి నోవా, పెట్రోలు బండి, ఏపీ 24 నంబరు. ఏపీ 24 అంటే ఉమ్మడి నల్గొండ జిల్లా. రాష్ట్రం వచ్చాక కొత్త బళ్ళకి అది టీఎస్ 05 అయింది. 2016లో సూర్యాపేట వేరే జిల్లా అయ్యాక అక్కడ టీఎస్ 29 వచ్చింది. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. నా కారు మాత్రం ఇంకా ఏపీలోనే ఉంది. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలాక ఎడమ కాలవ కింద వరి పెరిగింది. వరితో మిల్లులు, మిల్లులతో ఓనర్లు, ఓనర్లతో అంబాసిడర్లు. నా చిన్నప్పుడు ఊళ్ళోకి తెల్ల అంబాసిడర్ వచ్చిందంటే వెనక కూర్చున్నవాడు ఆఫీసరో, లీడరో, మిల్లు ఓనరో అయ్యుండాలి. ముందు కూర్చున్నవాడు మా నాయిన లాంటివాడు అయ్యుండాలి.

నాయిన పద్నాలుగేళ్ళు ఒక మిల్లు ఓనరు దగ్గర డ్రైవరు. ఆయన నడిపింది ఈ బండి కాదు. ఇలాంటిదే ఇంకోటి. అది ఎప్పుడో తుక్కుకి పోయింది. ఆయన జీవితమంతా తోలిన కారు ఆయన పేరు మీద ఒక్కరోజు కూడా లేదు కదా, నేను కొనిస్తాను అన్నది నా ఆలోచన. ఈ ఆలోచనలో ఎక్కడ తప్పుందో తర్వాత చెప్తాను.

బండిని లాక్కుంటూ సూర్యాపేట తెచ్చాను. మెకానిక్కు బానెట్ లేపి చూసి, తల తిప్పకుండానే అడిగాడు: “సారూ, చూడనీకి పెట్టుకుంటవా, తిప్పుతవా? ముందుగాల అది చెప్పు.” రెండింటికీ పని వేరట. చూడటానికైతే పెయింటు, క్రోము, సీట్ల మీద ఖర్చు పెట్టాలి. తిప్పటానికైతే బ్రేకులు, రేడియేటరు, కమాన్లు, వైరింగు. రెండూ కావాలన్నాను. నవ్వాడు. నాలుగు నెలలు పట్టింది. ఇంజను దింపి బోరు చేయించాడు, కార్బురేటరు విప్పి కడిగాడు, డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు మార్చాడు. తర్వాత టింకరింగ్‌కి కోదాడ తీసుకెళ్ళాను. అక్కడాయన జేబులోంచి అయస్కాంతం తీసి డోర్ల వెంట నడిపించాడు. అంటుకున్నచోట రేకు ఉన్నట్టు, జారిపోయినచోట కింద అంతా పుట్టీ అన్నట్టు. ఎడమవైపు వెనక డోరు కింద అయస్కాంతం దాదాపు ఎక్కడా నిలవలేదు. ముప్ఫై ఏళ్ళలో ఎవరెవరో ఎన్నిసార్లు గుద్దించి, పూసి, కప్పెట్టారో ఆ డోరు మీదే ఉంది.

ఇప్పుడు సినిమా. రాహుల్ సాంకృత్యాన్ తీసిన ‘టాక్సీవాలా’లో శివ ఉద్యోగం కోసం హైదరాబాద్ వస్తాడు. చివరికి క్యాబ్ నడుపుదామని తేల్చుకుంటాడు. ఇంటి దగ్గర అన్నావదినలు సర్దిన డబ్బుతో కారు వెతుకుతాడు. ఆ బడ్జెట్‌కి వచ్చేది పాత కాంటెస్సా. ఈ భాగం నాకిప్పుడు సినిమాలోకెల్లా నిజమైన భాగంలా అనిపించింది. వింటేజ్ కారు అంటే మన ఊహలో డబ్బున్నవాడి సరదా. శివకి పాత కారు సరదా కాదు. కొత్తది కొనలేడు కాబట్టి పాతది. మన దగ్గర పాత బళ్ళు బతికున్నది ఎక్కువగా ఈ కారణంగానే. పైగా కాంటెస్సా ఎంపిక కూడా బాగుంది. బ్రిటన్‌లో వాక్స్‌హాల్ వాళ్ళు పక్కన పెట్టిన మోడల్‌ని తెచ్చి 1984లో ఇక్కడ మొదలుపెట్టారు, 2002 దాకా తయారైంది. అంబాసిడరూ అంతే, మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి ఇక్కడ దొరికిన రెండో జన్మ. 2014 మేలో ఉత్తరపాడా ఫ్యాక్టరీ ఆగేదాకా నడిచింది. పుట్టడమే సెకండ్ హ్యాండ్‌గా పుట్టిన కార్లు ఇవి.

అయితే సినిమాకి ఈ సంగతి మీద ఆసక్తి ఎక్కువసేపు నిలవదు. బండి రోడ్డెక్కాక వింతలు మొదలవుతాయి. కారులో ఒక అమ్మాయి ఆత్మ ఉందని, దాని వెనక ఆస్ట్రల్ ప్రొజెక్షన్ ప్రయోగం ఉందని తెలుస్తుంది. హారర్ కామెడీగా అది సరదాగానే సాగుతుంది. భయం, నవ్వు రెండూ పండాయి. నా పేచీ ఒక్కటే. కారుకి ప్రాణం ఉందని చెప్పడానికి అందులోకి ఒక మనిషిని ఎక్కించాల్సి వచ్చింది. అంటే శివ చేతుల వల్ల, అతని మిత్రుల చేతుల వల్ల ఆ కారుకి వచ్చింది ఏదీ చాలలేదు. ఆత్మ ప్రవేశించిన క్షణం నుంచి కారు ఒక పాత్ర ఉండే గది అయిపోతుంది. గేరు, బ్రేకు, పెట్రోలు ఖర్చు కథలోంచి దిగిపోతాయి.

‘దెయ్యం సినిమాని దెయ్యం ఎందుకని అడుగుతావా?’ అని ఒక మిత్రుడు అన్నాడు. న్యాయమే. కానీ ఒక కుర్రాడు అప్పో సప్పో చేసి పాత బండి కొన్న కథ ముందు మొదలుపెట్టింది సినిమానే, నేను కాదు.

ఇదే ప్రశ్నకి అరవై ఏళ్ళ ముందే ఇంకో జవాబు ఉంది. 1958లో రిత్విక్ ఘటక్ తీసిన ‘అజాంత్రిక్’. సుబోధ్ ఘోష్ కథ దానికి ఆధారం. ఆ మాటని మనం ‘అయాంత్రికం’ అనుకోవచ్చు, యంత్రం కానిది. రాంచీ వైపు చిన్న ఊళ్ళో బిమల్ అనే టాక్సీ డ్రైవరు. అతనికి ఎవరూ లేరు. ఉన్నది జగద్దల్ అనే 1920 నాటి షెవ్రొలే డొక్కు కారు. ఊరంతా నవ్వుతుంది. అతను దానితో మాట్లాడతాడు, అలుగుతాడు, బతిమాలుతాడు. రేడియేటర్లో నీళ్ళు పోస్తే దాహం వేసినవాడు గటగటా తాగినట్టు శబ్దం వస్తుంది.

ఘటక్ ఇక్కడ దెయ్యాన్ని తేలేదు. ప్రాణం ఉందని నమ్మేది బిమల్. ఆ నమ్మకాన్ని మనకి వినిపించేది సౌండ్ ట్రాక్. మొదటిసారి చూసినప్పుడు ఇది కవితాత్మకమైన చమత్కారం అనుకున్నాను. సూర్యాపేట షెడ్డులో నాలుగు నెలలు నిలబడ్డాక అది చమత్కారం కాదని అర్థమైంది. మెకానిక్కులు అలాగే వింటారు. “ఇది దగ్గుతున్నది” అంటే ఇగ్నిషన్ టైమింగ్ తప్పిందని. “ఊపిరాడ్తలేదు” అంటే పెట్రోలు సరిగ్గా అందటం లేదని. వాళ్ళకి అవి ఉపమానాలు కావు, రిపోర్టులు. చేతికి, చెవికి తెలిసినదాన్ని చెప్పడానికి ఒంటి భాష తప్ప వేరే భాష లేదు. ఘటక్ సినిమా ఆ భాషలో ఉంది.

ఇంకా కష్టమైన మాట ఆ సినిమా చివర్లో చెప్తుంది. ఉన్న డబ్బంతా పెట్టి బిమల్ కొత్త భాగాలు బిగిస్తాడు. తర్వాత కారు నిండా బండరాళ్ళు ఎక్కించి పరీక్ష పెడతాడు. జగద్దల్ ఓడిపోతుంది. తుక్కువాడు వచ్చి ముక్కలు చేసి బండి మీద పట్టుకుపోతాడు. ఒక పసివాడి చేతిలో మిగిలిపోయిన హారన్ మోగుతుంది, బిమల్ ఏడుస్తూనే నవ్వుతాడు. పాతదాన్ని బాగుచేయడం గురించి ఇంత నిజాయితీగా చెప్పిన ముగింపు నేను వేరే చూడలేదు. ప్రేమతో బాగుచేసినా బాగుపడకపోవచ్చు. బాగుచేయడంలో కొంత మొండితనం, కొంత హింస కూడా ఉంటుంది. సినిమాలో నాకు నచ్చనివీ ఉన్నాయి. ఒరావ్ ఆదివాసీల నృత్యాలు బిమల్ కథకి అందంగా ఆనుకుంటాయి గానీ, వాళ్ళు మనుషులుగా కథలోకి రారు. కానీ కారుకీ మనిషికీ మధ్య ఉన్నది ఏమిటన్న దగ్గర ఘటక్ తడబడలేదు. కారణం, కెమెరా ఎక్కువగా డ్రైవరు పక్షాన ఉంది.

మనం అంబాసిడర్ గురించి రాసుకునే జ్ఞాపకాలు చూడండి. ఏడుగురం ఇరుక్కుని పెళ్ళికి వెళ్ళడం, తాతయ్య ఒళ్ళో కూర్చోవడం, సోఫా లాంటి సీటు, కిటికీ అద్దం తిప్పే పిడి. అన్నీ వెనక సీటు జ్ఞాపకాలే. ముందు సీట్లో ఒక మనిషి వీపు కనపడుతూ ఉంటుంది, అంతే. చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం కోసం చేయించిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ ఉంది. అది ఎవరి కారో చూసినవాళ్ళందరూ చెప్తారు. స్టీరింగ్ పట్టిందెవరని ఎవరూ అడగరు.

చట్టం కూడా వెనక సీట్లోనే కూర్చుంది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనం అంటే మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్ళు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కొత్తగా ఆ గుర్తింపుకి ఫీజు 20,000 రూపాయలు. గుర్తింపు వచ్చాక మామూలు ప్రయాణాలకి వాడకూడదు. ఎగ్జిబిషన్లు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతులు, అంతవరకే. దీనికీ కారణాలున్నాయి. అన్నిటినీ మార్చేసుకుంటూ పోతే అసలు ఏదో ఎవరికీ తెలీకుండా పోతుంది. కానీ ఈ లెక్కన జగద్దల్ ఎన్నేళ్ళున్నా వింటేజ్ కాదు. కోదాడలో అయస్కాంతం జారిపోయిన నా డోరూ కాదు. పొట్టకోసం తిరిగిన బండికి మార్పులు తప్పవు. తిరగని బండే స్వచ్ఛంగా మిగుల్తుంది. అంటే స్వచ్ఛత కూడా ఒక స్తోమతే.

ఇక నా తప్పు. పెయింటు ఆరాక బండిని ఇంటికి తెచ్చాను. తెల్లగా మెరిసిపోతోంది. నాయినని పిలిచి, వెనక డోరు తెరిచి పట్టుకున్నాను. పద్నాలుగేళ్ళు ఆయన ఎవరికో పట్టుకున్నట్టు. ఈ సీను నేను నెలల తరబడి మనసులో తీసుకున్నాను. నాయిన డోరు వైపు చూశాడు, నా వైపు చూశాడు. “నాకు ఎనక కూసుంటే కడుపుల తిప్పుతది” అని, చుట్టూ తిరిగి వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

నాయినకి ఈ కారు గురించి గుర్తున్నవి నేను అనుకున్నవి కావు. ఎండలో స్టీరింగ్ కాలడం. పెళ్ళిళ్ళ దగ్గర తెల్లార్లూ కార్లోనే కాళ్ళు ముడుచుకుని పడుకోవడం. మునగాల దగ్గర వానలో వైపరు ఆగిపోతే తల బయటపెట్టి నడపడం. ఇవి చెప్తున్నప్పుడు గొంతులో బాధా లేదు, మురిపెమూ లేదు. పని గురించి మాట్లాడే గొంతు. నేను ఆయనకి ఓనరు హోదా ఇస్తున్నా అనుకున్నాను. అంటే ఆ హోదానే గొప్పదని నేనూ ఒప్పుకున్నాను. ఘటక్‌ని మెచ్చుకుంటూ, కెమెరాని మళ్ళీ వెనక సీట్లో పెట్టింది నేనే.

అందుకే ‘టాక్సీవాలా’ మీద నా తీర్పు ఇప్పుడు కొంచెం మెత్తబడింది. శివని ముందు సీట్లో కూర్చోబెట్టి కథ మొదలుపెట్టడమే ఒక మేలు. అక్కడే ఇంకాసేపు ఉండుంటే, దెయ్యం అవసరం లేకుండానే ఆ కారు మాట్లాడేది. పాత కారు గురించి ఇకమీదట ఎవరు రాసినా, తీసినా, నేను ముందు చూసేది ఒక్కటే. చెప్పేవాడు ఏ సీట్లో కూర్చున్నాడు?

నాయిన ఆరోజు బండిని హైవే దాకా తీసుకెళ్ళి తెచ్చాడు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. దిగాక బాగుందని అనలేదు, బాలేదని అనలేదు. “క్లచ్చు మీద పట్టుకుంటున్నది. కొంచెం కిందికి దింపియ్యి” అన్నాడు. వచ్చే శనివారం సూర్యాపేట వెళ్ళాలి.