చుక్క చుట్టూ కంచె

నిర్వచనమనే మాటను నేటి పాఠ్యపుస్తకాలు ఒక పదానికి హద్దులు ఏర్పరచడమన్న అర్థంలో వాడుతున్నప్పటికీ, నిరుక్తకర్త యాస్కుని దృష్టిలో అది ఆ పదం ఏ ధాతువు నుంచి ఎలా పుట్టిందో విప్పి చెప్పడం. ఈ రెండు పనులూ ఒకటేనని పొరబడిన చోట వైద్య పదాలు తప్పుదారి పట్టిస్తాయి. మలేరియా అంటే ఇటాలియన్ మూలంలో చెడు గాలి. చిత్తడి నేలల నుంచి లేచే దుర్వాసనే జ్వరానికి కారణమని నమ్మినంత కాలం ఆ వ్యుత్పత్తే నిర్వచనంగా చెల్లింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాక, పేరు పాతదే మిగిలింది గాని నిర్వచనం గాలిని వదిలి, ఆడ అనాఫిలిస్ దోమ కాటుతో రక్తంలో చేరే ప్లాస్మోడియం అనే ఏకకణ జీవి మీదికి మళ్లింది.

పేరు అబద్ధమాడని చోట కూడా నిర్వచనం రాయడం తేలిక కాదు. వృక్షశాస్త్రంలో బిందుస్రావమనే పదాన్నే తీసుకుంటే, చుక్కలుగా కారడమన్న దాని అర్థం పదంలోనే కనిపిస్తున్నది గనుక వివరణ అక్కరలేదనిపిస్తుంది. కాని మొక్క నుంచి నీరు బయటకు రావడమని రాస్తే, ఆకులు నీటిని ఆవిరిగా వదిలే బాష్పోత్సేకం కూడా అందులో చేరిపోతుంది. ద్రవరూపంలో అని ఒక మాట చేరిస్తే ఆవిరి తొలగుతుంది గాని, గీసిన తాటి గెల నుంచి ముంతలోకి కారే కల్లు లోపలే ఉండిపోతుంది. గాయం లేకుండా, ఆకు అంచున ఈనెలు ముగిసే చోట ఉండే జలరంధ్రాల ద్వారా అన్నప్పుడే కంచె పూర్తవుతుంది.

అయినా తెల్లవారుజామున నారుమడి గట్టున నిలబడినవారికి మంచుతో పేచీ తప్పదు. మంచు బయటి గాలిలోని తేమ చల్లబడి ఏర్పడేది గనుక ఆకు పొడవునా పడుతుంది, పక్కనున్న రాతి మీదైనా పడవచ్చు. బిందుస్రావం మాత్రం తడి నేలలో రాత్రివేళ పత్రరంధ్రాలు మూసుకొని ఉన్నప్పుడు వేరు పీడనం పైకి నెట్టిన నీరు గనుక, వరి ఆకు కొనన ఒక్క గుండ్రని చుక్కగా నిలుస్తుంది. అందులో లవణాలు కరిగి ఉంటాయి కాబట్టి ఎండెక్కాక ఆకు కొనన ఒక్కోసారి తెల్లని మరక మిగులుతుంది. ఆ మరకను నిర్వచనంలో చేర్చనక్కరలేదు, కాని చూసినవాడు రాసిన నిర్వచనానికీ చూడనివాడు రాసినదానికీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

నిర్వచనాల పొదుపులో సంస్కృత నిఘంటువు అమరకోశాన్ని మించినవి అరుదు. పూచి కాసే చెట్టు వానస్పత్యమని, పూయకుండానే కాసేది వనస్పతి అని అది చేసిన విభజనలో ఒక్క మాట ఎక్కువ లేదు. కాని పూయకుండా కాస్తుందని పేరుపడిన మేడిచెట్టు నిజానికి పూస్తుంది. కాయ అనుకునేది లోపలికి ముడుచుకున్న పుష్పవిన్యాసం కాగా, దాని గోడల నిండా సన్నని పూలు ఉండి, కొనన ఉన్న ఇరుకు ద్వారం గుండా ప్రత్యేకమైన కందిరీగ దూరి పరాగసంపర్కం జరుపుతుంది. కాయను నిలువునా కోస్తే ఆ పూలు కంటికి కనిపిస్తాయి. హద్దులు చక్కగా ఉన్న ఆ నిర్వచనంలో నిలవడానికి మేడి కూడా మిగలలేదు. వనస్పతి అన్న మాట ఈనాడు తరచుగా వినబడేది కిరాణా కొట్టులో, గడ్డకట్టిన నూనె డబ్బా అడిగేటప్పుడు.