చోరుఁడు, రక్షకుఁడు, మూఁడవవాఁడు: ‘పలాస 1978’ విమర్శనము

చలనచిత్రములను, దూరదర్శన ధారావాహికలను సాహిత్యపరిశోధక పత్రికలో విమర్శింపవచ్చునా యని కొందఱు పండితమిత్రులు శంకింపవచ్చును. అందును దొంగలు, పోలీసులు, మత్తుపదార్థముల వర్తకులు పాత్రలుగాఁ గల కథలను జర్చకుఁ దెచ్చుట మఱింత శంకాస్పదము. ఈ శంకకు సమాధానము మన నాటకవాఙ్మయమందే కలదు. శూద్రకుని మృచ్ఛకటికము పదియంకముల ప్రకరణము. అందు మూఁడవ యంకమున శర్విలకుఁడు గోడకుఁ గన్నము వేయును, ఆఱవ యంకమున నగరరక్షకులు బండ్లను సోదాచేయుదురు, తొమ్మిదవ యంకము న్యాయసభ, పదియవది వధ్యస్థానము. నేఁటి నేరకథలోని యంగములన్నియు నందుఁ గలవు. కాఁబట్టి వస్తువు హీనమను నెపమున నీ జాతి రూపకములను ద్రోసివేయఁ జనదు. పరిశీలింపవలసినది, ఆ వస్తువునుండి కవి యే రసమును బిండెను, దేనిని సత్యముగాఁ జూపెను అనునదియే.

పలాస ప్రాంతమును రంగస్థలముగాఁ గొని వెలువడిన ‘పలాస 1978’ అను చలనచిత్రమును ఈ దృష్టితోఁ బరిశీలింపఁ దలఁచితిని. నా ప్రతిపాదన యొక్కటియే. చోరరక్షకుల కథకుఁ బ్రాణము వారిరువురి పోరాటము కాదు. ఇరువురిని గదలించుచుఁ దాను గదలని మూఁడవవాఁడు. వానిఁ జూపినంతవఱకు నట్టి రూపకము కావ్యము. వానిని మఱచినపుడు వట్టి కొట్లాట.

పూర్వోదాహరణము

మృచ్ఛకటికమున నాఱవ యంకమును మరల స్మరింతము. చెఱనుండి తప్పించుకొన్న యార్యకుఁడు చారుదత్తుని బండిలో దాఁగి వచ్చుచుండును. వీరకుఁడు, చందనకుఁడు అను రక్షకాధికారులు బండి నాపుదురు. చందనకుఁడు లోపలికిఁ జూచి, శరణన్నవాని కభయమిచ్చి, వసంతసేనను జూచితినని బొంకఁబోవును. కాని నోటివెంట ముందుగాఁ బుంలింగము దొర్లును. వెంటనే స్త్రీలింగమునకు సవరించుకొనును. ఆ యొక్క తప్పునే వీరకుఁడు పట్టుకొనును. అంతటఁ జందనకుఁడు తాము దాక్షిణాత్యులమనియుఁ దమ పలుకు స్పష్టముగా నుండదనియుఁ జెప్పి తప్పించుకొనఁ జూచును. మాట ముదిరి, యొకని పుట్టువును వేఱొకఁడు సైఁగలతో నెత్తిపొడుచును. ఒకఁడు క్షురకవృత్తివాఁడు, ఒకఁడు చర్మకారవృత్తివాఁడు.

ఈ సన్నివేశమును హాస్యమని చదివి ముందునకుఁ బోవుట మన వాడుక. కాని కవి హృదయ మంతటితో నాఁగలేదు. ఇరువురు రక్షకులు పుట్టువును గూర్చి తన్నుకొనుచుండఁగా, అసలు దుర్మార్గుఁడగు శకారుఁడు, రాజుగారి బావమఱఁది, యే బండి సోదాకును లోఁబడక పురమున స్వేచ్ఛగాఁ దిరుగుచున్నాఁడు. కట్టకడపట రాజు మాఱును. చందనకునకు దండపాలకపదవి వచ్చును. వధ్యస్థానమున దయార్ద్రముగాఁ బలికిన చండాలురకు లభించినది చండాలుర యాధిపత్యమే. సింహాసనముమీఁది మనుష్యుఁడు మాఱెను గాని, మెట్లు మాఱలేదు. శూద్రకుఁడు దీనిని మంగళాంతముగాఁ జెప్పినను, శ్రద్ధగాఁ జదివినవానికి మనసులో నొక ముల్లు మిగులును.

కథావస్తువు

‘పలాస 1978’ కరుణ కుమార్ రచించి దర్శకత్వము వహించిన తొలి చిత్రము; 2020 మార్చి 6వ తేదీన విడుదలయ్యెను. యథార్థసంఘటనల యాధారముగాఁ గల్పింపఁబడిన కథగా దీనిని బ్రకటించిరి. నాయకులు మోహనరావు, రంగారావు అను దళిత సోదరులు, జానపద కళాకారులు. ఆ పాత్రలను రక్షిత్, తిరువీర్ అను నటులు ధరించిరి. ఊరిపై పెత్తనము పెద్దషావుకారు, చిన్నషావుకారు అను నన్నదమ్ములది. పెద్దషావుకారు పక్షమున బైరాగి యను బలశాలి యుండును, వాఁడును దళితుఁడే. షావుకార్ల నడుమ వైరము పుట్టఁగాఁ జిన్నషావుకారు ఈ సోదరులను దన యాయుధములుగాఁ జేసికొనును. పాటగాండ్రు కత్తి పట్టుదురు. వారిని నిలువరింపవలసిన పోలీసు అధికారి సెబాస్టియన్. వాఁడును దళితకుటుంబమునఁ బుట్టి చదువుచేత నుద్యోగమునకు వచ్చినవాఁడు.

ఇందలి పాత్రవిన్యాసము గమనింపఁదగినది. కొట్టువాఁడు, కొట్టఁబడువాఁడు, పట్టుకొనఁబోవువాఁడు, మువ్వురును ఒక్క వాడకుఁ జెందినవారు. కొట్టించువారు మాత్రము వేఱు. వీరకచందనకుల కలహము ఇక్కడ నాలుగు దశాబ్దుల కథగాఁ బెరిగినది. చిత్రమునకు మేలైన బలము ఈ విన్యాసమే. దీనిని కల్పించినవాఁడు కేవలము దొమ్మికథ చెప్పవచ్చినవాఁడు కాఁడు.

రంగస్థలమును ఊరక యెన్నుకొనలేదు. పలాస-కాశీబుగ్గ జంటయూళ్లు జీడిపప్పు కార్ఖానాలకుఁ బ్రసిద్ధములు. జీడిపిక్క పెంకులోని రసము చర్మమును గాల్చును. పప్పు తెల్లగా వెలికి వచ్చును. దానిని దీసినవారి వ్రేళ్లు నల్లఁబడును. పప్పు ఒకరిపాలు, రసము వేఱొకరిపాలు. ఈ కథలోని లాభనష్టముల పంపకమును దీనికంటెఁ జక్కఁగాఁ జెప్పు నుపమానమును నే నెఱుఁగను.

పాటయుఁ బోలీసును ఈ సీమలో నెదురెదురుగా నిలుచుట క్రొత్త గాదు. 1940 ఏప్రిల్ 1వ తేదీన మందస జమీనులోని గుడారి రాజమణిపురమున రైతులపై జరిగిన పోలీసుకాల్పులలో వీరగున్నమ్మ మరణించెను. బొడ్డపాడు ఆలయార్చకుఁడును గవియునగు సుబ్బారావు పాణిగ్రాహి జముకులకథను ఉద్యమప్రచారమునకు వాడి 1969 డిసెంబరులో హతుఁడయ్యెను. చిత్రకథాకాలము దానికిఁ దొమ్మిదేండ్ల తరువాతిది. ఈ పూర్వకథ తెలిసిన ప్రేక్షకునకు, పాటగాఁడు పాట విడిచి యొక షావుకారునకుఁ గత్తియగుట కేవలము వృత్తి మాఱుటగాఁ దోఁపదు. ఎవరికొఱకో పాడిన గొంతు, ఎవరికొఱకో కోయు చేయి యైనది. ఆ పతనమునందే కరుణరస మున్నది.

పాత్రోచితభాష

శ్రీకాకుళపు పలుకుబడిని మన చలనచిత్రములు చిరకాలము హాస్యమునకే వాడుకొనినవి. ‘నాను’, ‘ఏటి’, ‘ఒగ్గేసి’ యను మాటలు వినఁబడఁగానే ప్రేక్షకులు నవ్వుట కలవాటుపడిరి. ఈ చిత్రమున నాయకులే యా యాసలో మాటలాడుదురు. ఆ భాషలోనే దుఃఖింతురు, అడుగుదురు, బెదరింతురు. ఉద్దానపు యాస కరుణవీరరసముల నెంతయో నిర్వహింపఁగలదని నిరూపితమైనది. ఈ సీమకుఁ జేరువనున్న పర్లాకిమిడిలో నుపాధ్యాయుఁడై యుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు జీవద్భాష పక్షమున జీవితమంతయుఁ బోరాడిరి. గ్రాంథికమున వ్రాయుచున్న యీ వ్యాసకర్త యా మాట నెత్తుట కొంత చిత్రముగాఁ దోఁపవచ్చును. కాని నాటకమునఁ బాత్రోచితభాష మన లాక్షణికుల సమ్మతమే. చందనకుని నోట దొర్లిన యొక లింగదోషముపై నంకమంతయుఁ ద్రిప్పిన శూద్రకుఁడు, పలుకును బట్టి మనుష్యుని గుఱుతించు లోకమును బాగుగా నెఱిఁగినవాఁడు.

చదరంగపు టంకము

గుణదోషములను దేల్చుటకు ముందు పరదేశీయమగు నొక యంకమును బోల్చి చూచుట మేలు. అమెరికాలోని బాల్టిమోర్ నగరమును గూర్చి ‘ది వైర్’ అను దూరదర్శన ధారావాహిక 2002 మొదలు 2008 వఱకు 60 భాగములుగాఁ బ్రసారమయ్యెను. మత్తుమందు వర్తకులును వారి టెలిఫోనులను జాటుగా విను పోలీసులును ఇందలి పాత్రలు. కర్త డేవిడ్ సైమన్ ఆ నగరమున నేరవార్తలు వ్రాసిన విలేఖరి. సహరచయిత ఎడ్ బర్న్స్ అక్కడనే పోలీసు పరిశోధకుఁడుగాను, పిదప బడిపంతులుగాను బనిచేసినవాఁడు. 2002 జూనులోఁ బ్రసారమైన మూఁడవ భాగమున నొక సన్నివేశము సుప్రసిద్ధము. వీధిలో సరకు నమ్ము బోడీ, వాలెస్ అను కుఱ్ఱవాండ్రు చదరంగపు పావులతో వేఱొక యాట నాడుకొనుచుందురు. వారిపై మేస్త్రివంటి డీఏంజెలో వచ్చి, యసలు చదరంగము నేర్పును. రాజు తాను గదలనక్కఱలేదు, మిగిలినవారు వానిని గాతురు. బంట్లు మొదటనే చత్తురు. చివరి గడి చేరిన బంటు మాటేమని బోడీ యడుగును. మన యాటలో నట్టి బంటు మంత్రి యగునుగదా! డీఏంజెలో యా యాశను బ్రోత్సహింపఁడు.

అదే భాగమున రక్షకులవైపును జూపుదురు. పైయధికారులు ఫలితము చూపుమని తొందరపెట్టఁగా సోదా జరుగును; ఆశించిన సరకు చిక్కదు. వర్తకుని బంటువలెనే పోలీసు బంటును రాజునకుఁ గనఁబడని దూరమున నిలిచి దెబ్బతినును. తరువాతి కథలో వాలెస్‌ను వాని స్నేహితులే చంపుదురు. అందు బోడీ యొకఁడు. డీఏంజెలో కారాగారమునఁ జంపఁబడును. బోడీ నాలుగవ సంవత్సరపు కథ ముగింపున వీధిలోఁ గూలును. పలక చుట్టుఁ గూర్చుండిన మువ్వురిలో నొక్కఁడును మంత్రి కాలేదు. ఆటను నేర్పిన యాసన్నివేశము వినోదముగాఁ గనఁబడి, చివరకు మువ్వురి మరణశాసన మైనది. కవి యొక్క కన్నీటిచుక్కయు వెచ్చింపకయే కరుణమును సాధించెను.

గుణదోషములు

ఇపుడు పలాసకు మరలుదము. బైరాగియు సోదరులును ఒకే పలకమీఁది యెదురెదురు బంట్లు. అన్నదమ్ములగు షావుకార్లు ఇరువైపుల రాజులు. పూర్వార్ధమున దర్శకుఁ డీ సత్యమును దప్పక చూపెను. కాని యుత్తరార్ధమునఁ గథ ప్రతీకారమార్గమునఁ బడినది. నాయకుని క్రోధము పెరిగినకొలఁదిఁ గరుణము సన్నగిల్లి రౌద్రము పైకొనును. ఉత్సాహము స్థాయిగాఁ గలది వీరము, క్రోధము స్థాయిగాఁ గలది రౌద్రము. ఈ భేదమును దెలిసిన పండితులకు నా యాక్షేపము సులభముగా బోధపడును. రౌద్రమున దోషమేమి యందురా? ప్రేక్షకుఁడు తృప్తుఁడై యింటికిఁ బోవుటయే దోషము. అన్యాయము ఒక దుష్టుని శరీరమునందే యున్నదనియు, ఆ శరీరము గూలినచో నన్యాయమును గూలుననియు నతఁడు తలఁచును. చిత్రము తొలుత చెప్పినది యదికాదు. ఒక షావుకారు పోయినను షావుకారుతనము నిలుచునని యన్నదమ్ముల వైరముచేత నదియే మనకుఁ జూపెను.

కొందఱు, తరతరముల యవమానము పొందినవానికిఁ గ్రోధము ధర్మ్యమే కదా, దానిని గాదనుట సుఖాసీనుల విమర్శ యనవచ్చును. ఈ యాక్షేపమునకు బలము గలదు. మోహనరావు క్రోధము నేను నిందింపను, పాత్రకది సహజము. నా యాక్షేపము పాత్రపైఁ గాదు, ఆ క్రోధమే కథకు భరతవాక్యమైనట్లు తోఁచు నిర్వహణముపైన. దీనికిఁ బ్రతిగా నిలుపఁదగిన పాత్రను కవి తానే సృష్టించియున్నాఁడు, అతఁడు సెబాస్టియన్. అదే పుట్టువు, వేఱు త్రోవ. చట్టమును నమ్ముకొనినవానికి ఆ చట్టమే పైవారిచేతి పావుగాఁ గనఁబడినపుడు వాఁ డేమగును? ఈ ప్రశ్నను జిత్రము తాఁకినది గాని తగినంత విస్తరింపలేదు. అతని కథను మఱికొంత పెంచినచోఁ ‘పలాస 1978’ మంచి చిత్రమను మాటను దాఁటి గొప్ప రూపకములలోఁ జేరియుండెడిది. ఇంత యాశింపఁదగిన చిత్రము కనుకనే యీ కొఱతను జెప్పవలసివచ్చినది.

ఇది వట్టి సాహిత్యచర్చ గాదు. ఒడిషా సరిహద్దు దాఁటి వచ్చు గంజాయి ఇచ్ఛాపురము, పలాస మార్గమున రైళ్లలోను 16వ జాతీయరహదారిమీఁదను బట్టువడుచుండుట వార్తాపత్రికలలోఁ దఱచుగాఁ గనఁబడును. 1985 నాఁటి మాదకద్రవ్యముల చట్టము గంజాయి 20 కిలోలకు మించినచోఁ 10 ఏండ్లకుఁ దక్కువగాని కఠినకారాగారము విధించును. పెట్టుబడి పెట్టినవానికిని బంపినవానికిని ఆ చట్టమున శిక్ష కలదు. అయినను సంచితోఁ బట్టువడువాఁడు మోయువాఁడే. రైలెక్కనివానిని రైలులోఁ బట్టుకొనుట కలుగదు. బాల్టిమోర్ పలకకును మన యుద్దానపు దారికిని ఈ విషయమున భేదము లేదు.

మన బడులలోని విద్యార్థులు నాటకములకంటె నెక్కువగా నిట్టి చోరరక్షక కథలను జూచుచున్నారు. చూడవలదని కట్టడిచేయుట పండితులకు సాధ్యమును గాదు, అవసరమును గాదు. మృచ్ఛకటికపు టాఱవ యంకమును బోధించుచు, దాని ప్రక్కన ఈ పలాసకథను నిలిపి, ‘వీరిరువురిని గదలించినవాఁ డెవఁడు?’ అను నొక్క ప్రశ్న యడుగుట సాధ్యము. ఆ ప్రశ్న నేర్చిన బాలుఁడు మంచి రూపకమును జెడ్డదానినుండి వేఱుచేయఁగలఁడు. ఏనాఁడైన వానిచేతి కెవఁడైన నొక సంచి నందింపవచ్చినపుడును ఆ ప్రశ్నయే వానికి జ్ఞప్తికి రావచ్చును. విజ్ఞులు దీని మంచిచెడ్డలఁ బరిశీలింతురు గాక.