ఉద్దానం ప్రశ్న – విశ్వవిద్యాలయం బాధ్యత

పలాస రైలుస్టేషను దాటి, కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలను వెనుక విడిచి, సముద్రం వైపు సాగితే కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు దట్టంగా అల్లుకున్న ప్రదేశం వస్తుంది. ఉద్యానవనమనే మాటే ఉద్దానమయినదని అక్కడివారు చెప్పుకుంటారు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో వ్యాపించిన ఈ పచ్చని సీమను 1990 దశాబ్దం నుండి మూత్రపిండాల వ్యాధి పీడిస్తున్నది.

ఆరోగ్యవంతుని మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో లీటరున్నర మాత్రమే మూత్రంగా విసర్జిస్తాయి. ఈ వడపోత సగం చెడినా మనిషికి నొప్పి తెలియదు. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం పెరిగినదని పరీక్షలో తేలేసరికి చాలామందికి వ్యాధి ముదిరిపోతుంది. మధుమేహం, రక్తపుపోటు వంటి తెలిసిన కారణాలు లేనివారికి కూడ ఇది వస్తున్నది. నీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో శ్రమ, వంశపారంపర్యం – ఇట్లా అనుమానాలు అనేకం. ఋజువయినది ఒక్కటీ లేదు.

కారణం తెలియని విషయానికి కారణం వెదకడమే పరిశోధనా విశ్వవిద్యాలయపు పని. మరి ఈ తీరపు విశ్వవిద్యాలయాలు ఆ పని ఎంతవరకు చేసినవి?

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో ఏర్పడి, 1930లో వాల్తేరు చేరినది. కట్టమంచి రామలింగారెడ్డి, ఆయన తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులుగా దానిని తీర్చిదిద్దినారు. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఇచ్చిన విరాళంతో విజ్ఞానశాస్త్ర కళాశాల వెలసినది. పరీక్షలు పెట్టి పట్టాలివ్వడంతో తృప్తిపడక, గురువు, శిష్యుడు కలిసి తెలియని దానిని వెదకాలన్న జర్మన్ ఆదర్శం అప్పటికి ప్రపంచమంతటా వ్యాపించి ఉన్నది. 1810లో హంబోల్ట్ ప్రేరణతో వెలసిన బెర్లిన్ విశ్వవిద్యాలయం, 1824 నుండి గీసెన్‌లో లీబిగ్ నడిపిన రసాయనశాల ఆ ఆదర్శానికి పుట్టిళ్లు. వాల్తేరులో దానిని ఆచరణలో చూపినవారు రామన్ శిష్యుడు సూరి భగవంతం, మొక్కలలోని రంగుపదార్థాలను శోధించిన టి. ఆర్. శేషాద్రి, భూగర్భశాస్త్రశాఖను నెలకొల్పిన సి. మహదేవన్. 1952లో వచ్చిన అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు లాఫాండ్‌తో కలిసి వాల్తేరు విద్యార్థులు బంగాళాఖాతాన్ని కొలవడం ప్రారంభించినారు. వాకిట్లో ఉన్న సముద్రమే వారికి పాఠ్యగ్రంథమయినది. ఈ విశ్వవిద్యాలయపు చరిత్రలో ఇంతకంటె అందమైన ఘట్టం లేదనవచ్చు.

తరువాతి కథలో విభజన ఎక్కువ. వ్యవసాయవిద్య 1964లో ప్రత్యేక విశ్వవిద్యాలయానికి వెళ్లినది. వైద్యవిద్య 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం క్రిందకు చేరినది. 1923లో పుట్టిన విశాఖపట్టణపు వైద్యకళాశాల కూడ ఆ దారినే పోయినది. శ్రీకాకుళం చెంత ఎచ్చెర్లలో 1977లో పెట్టిన స్నాతకోత్తర కేంద్రం 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయంగా స్వతంత్రమయినది. విద్యార్థుల సంఖ్య పెరిగినప్పుడు ఇటువంటి విభజన పాలనకు అవసరమే, తప్పు పట్టనక్కరలేదు. కాని ఉద్దానం ప్రశ్న ఈ సరిహద్దులను ఎరుగదు. రోగి వైద్యునివాడు, బావి భూగర్భశాస్త్రజ్ఞునిది, పురుగుమందు వ్యవసాయశాస్త్రజ్ఞునిది, నీటిలోని విషం రసాయనజ్ఞునిది. టెక్కలి కొండల రాయిని గురించి తెలిసినవాడు ఒక విశ్వవిద్యాలయంలో, ఆ రాతి మీదుగా ఊరిన నీరు త్రాగే రోగిని చూచేవాడు మరొక విశ్వవిద్యాలయంలో ఉంటే, వారిద్దరూ కలిసేది ఎక్కడ?

ఇటువంటి చిక్కే ఐరోపాలో ఒక విశ్వవిద్యాలయానికి ఎదురయినది. క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లోని విశ్వవిద్యాలయం తన పుట్టుకను 1669లో చక్రవర్తి లియోపోల్డ్ ఇచ్చిన శాసనం నుండి లెక్కించుకుంటుంది; ఆధునిక రూపంలో తెరచినది 1874లో. వైద్యశాఖ 1917లో, వ్యవసాయ, అటవీశాస్త్రాల శాఖ 1919లో వచ్చి అదే గొడుగు క్రింద నిలిచినవి. డాన్యూబ్ ఉపనదుల ఒడ్డున కొన్ని పల్లెలలో రైతుకుటుంబాలను మాత్రమే పట్టే మూత్రపిండవ్యాధి 1950 దశాబ్దంలో బయటపడినది. పక్కపల్లెకు రాదు, ఆ పల్లెను విడవదు. ఉద్దానం పాఠకులకు ఈ వర్ణన పరిచితంగానే తోస్తుంది. అక్కడ కూడ నీటిని, బొగ్గును, బూజును, వంశాన్ని అనుమానించినారు.

గోధుమచేలలో కలుపుగా పెరిగే అరిస్టోలోకియా గింజలు ధాన్యంలో కలిసి రొట్టెలోకి వస్తున్నవేమోనని ఇవిచ్ అనే యుగోస్లావ్ వైద్యుడు 1969లో ఊహించినాడు. ఆ ఊహకు చాలాకాలం ఆదరణ లభించలేదు. 1993లో బ్రస్సెల్స్‌లో, సన్నబడటానికి చైనా మూలికలు వాడిన స్త్రీల మూత్రపిండాలు చెడి, అదే జాతి మొక్కపై దృష్టి పడినది. చివరకు 2007లో జాగ్రెబ్ వైద్యుడు యెలాకోవిచ్, అమెరికాలోని స్టోనీ బ్రూక్ శాస్త్రజ్ఞుడు గ్రోల్‌మన్, వారి సహచరులు కలిసి, క్రొయేషియా రోగుల కణజాలంలోని డి.ఎన్.ఏ.పై ఆ మొక్క విషం వదలిన ముద్రను చూపినారు. మన గాడిదగడపాకు ఈ జాతిదే. అంతమాత్రాన ఉద్దానానికీ అదే కారణమని ఎవరూ అనుకోరాదు. అక్కడి సమాధానాన్ని తెచ్చి ఇక్కడ అతికించడం శాస్త్రం కాదు.

జాగ్రెబ్‌ను మెచ్చవలసినది తెలివికంటె ఓపికకు. రసాయనపరీక్ష చేయగల చేయి సముద్రాలకవతల నుండి వచ్చినది నిజమే. ఆ చేతికి అందించడానికి రోగుల వృత్తాంతం, ఊరి వృత్తాంతం, కణజాలం స్థానికుల వద్ద ఉన్నవి. అవే లేకుంటే అతిథి ఎంత ఘనుడయినా చేసేది లేదు. నిందింపదగినదీ ఉన్నది: ఒక మంచి ఊహ ఋజువయ్యేసరికి ముప్ఫయి ఎనిమిదేండ్లు గడిచినవి, రోగులకు అది చిన్నకాలం కాదు.

ఇక ఉద్దానంలో జరిగిన పని. 2019లో ప్రచురింపబడిన ఒక అధ్యయనం 2,210 మందిని పరీక్షించి, పెద్దలలో నూటికి సుమారు 18 మందికి దీర్ఘకాల మూత్రపిండవ్యాధి ఉన్నదని తేల్చినది. 2020లో జార్జి ఇన్‌స్టిట్యూట్ వారి అధ్యయనం 2,400 మందికి పైగా చూచి నూటికి 21 మందని చెప్పినది. ఏడాదిలో మూడు శాతం పెరిగినదని విద్యార్థి తొందరపడరాదు. ఎన్నుకొన్న మనుషులు వేరు. రెండూ శ్రద్ధగా చేసిన పనులే, వాటికి ముందు వట్టి వదంతిగా ఉన్నదానికి అంకె వచ్చినది. అయితే ఇవి ఒకనాటి ఛాయాచిత్రాల వంటివి. జబ్బుపడిన మనిషి బావిలో సిలికా కనిపిస్తే, సిలికా వల్ల జబ్బు వచ్చినదని చెప్పలేము. జబ్బులేని పొరుగువాడూ ఆ నీరే త్రాగి ఉండవచ్చు. కారణం పట్టుబడాలంటే నేడు ఆరోగ్యంగా ఉన్నవారిని ఏండ్ల తరబడి వెంబడించి, ఎవరు జబ్బుపడినారో, వారికీ మిగిలినవారికీ భేదమేమిటో చూడవలె. నమూనాలు తీసుకొని వెళ్లిపోయే బృందానికి ఇది సాధ్యం కాదు. ఏటేటా క్రొత్త విద్యార్థులు వచ్చే విద్యాలయానికే సాధ్యం.

2023 డిసెంబరులో రెండు పనులు ఒకేసారి జరిగినవి. పలాసలో 200 పడకల ఆస్పత్రితో మూత్రపిండాల పరిశోధనాకేంద్రం తెరచినారు. హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని గొట్టాలద్వారా ఉద్దానం గ్రామాలకు తెచ్చే పథకాన్ని ప్రారంభించినారు. కారణం ఋజువు కాకముందే నీరు మార్చడం సబబే. దాహానికి ఋజువుతో పనిలేదు. కాని దీనితో శాస్త్రానికి అరుదైన అవకాశం చిక్కినది. దోషం బావినీటిదే అయితే, నదినీరు త్రాగే ఇండ్లలో క్రొత్త రోగుల సంఖ్య కొన్నేండ్లకు తగ్గవలె. తగ్గకపోతే వేరొకచోట వెదకవలె. అందుకు ఏ ఇంటికి ఏ నెలలో కుళాయి వచ్చినది, ఆ ఇంట ఎవరెవరు బావినీరు మానలేదు, ఆనాడు వారి క్రియాటినిన్ ఎంత – ఈ మూడింటినీ వ్రాసి ఉంచే పుస్తకం కావలె. ఆస్పత్రి తన వద్దకు వచ్చిన రోగినే చూస్తుంది. జబ్బులేని ఇంటి తలుపు తట్టి ఆ పుస్తకం నింపవలసినవారు ఎచ్చెర్లలోనూ, టెక్కలి, పలాస కళాశాలలలోనూ చదువుకుంటున్నారు. వారిలో ఆ తోటలలో పుట్టినవారే ఎందరో ఉన్నారు.