చౌక దూరదర్శిని, సూర్యదర్శనం: ఒక గుణదోష విచారణ

చౌక దూరదర్శినిని గురించి రెండు అభిప్రాయాలు వాడుకలో ఉన్నవి. అది ఆకాశాన్నంతటినీ ముంగిట్లోకి దింపుతుందన్నది మొదటిది. దీనిని పెట్టె మీది రంగుల బొమ్మలు కలిగిస్తవి. అది వట్టి ఆటవస్తువు, బీరువా మీదికి చేర్చవలసినదన్నది రెండవది. దీనిని కొన్న తరువాత మొదటి నాలుగు రాత్రులు కలిగిస్తవి. ఈ రెండూ సరియైనవి కావు. రాత్రి చేయలేని పనికి నిందలు పడి, పగలు చేయగల పనికి ఎవరూ పిలువక, ఆ పరికరం మూలపడి ఉంటున్నది. అయితే ఆ పగటి పనిలో కంటిచూపును శాశ్వతంగా పోగొట్టగల ప్రమాదం కూడా ఉన్నది. కనుక దాని గుణాలను, దోషాలను వేరు చేసి చూడవలెను.

సాధారణంగా బడులలో కనిపించే పరికరం 60 మిల్లీమీటర్ల వ్యాసం, 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల వస్తుకటకంతో, సన్నని అల్యూమినియం కాళ్ళ స్టాండుతో ఉంటుంది. వస్తువును 500 రెట్లు పెంచి చూపునని పెట్టె మీద అచ్చువేసిన మాట మొదటి దోషం. వస్తుకటకపు వ్యాసంలో ఒక్కొక్క మిల్లీమీటరుకు రెండు రెట్ల చొప్పున ఆవర్ధనం ప్రయోజనకరం. ఈ లెక్కన 60 మిల్లీమీటర్ల కటకానికి హద్దు 120. అంతకు మించితే బింబం పెద్దదవుతుంది గాని కొత్త వివరమేదీ కనిపించదు. మజ్జిగలో నీళ్ళు పోసినకొద్దీ చెంబు నిండుతుంది, చిక్కదనం మాత్రం పెరగదు. ఈ దోషం వలన కలిగేది ఆశాభంగం మాత్రమే.

రెండవ దోషం అటువంటిది కాదు. కొన్ని పరికరాలతో పాటు అక్షికటకానికి బిగించే ఒక చిన్న నల్లగాజు బిళ్ళ వస్తుంది. దానిని బిగించి సూర్యుని చూడవచ్చునని సూచన. ఇది ఎంత ప్రమాదకరమో చిన్న లెక్క చెబుతుంది. 60 మిల్లీమీటర్ల కటకపు వైశాల్యం సుమారు 28 చదరపు సెంటీమీటర్లు. నిర్మలమైన ఎండలో దాని మీద పడే శక్తి దాదాపు 3 వాట్లు. కటకం ఈ శక్తినంతటినీ తన నాభి వద్ద ఆరున్నర మిల్లీమీటర్ల వెడల్పు గల సూర్యబింబంలోకి కుదిస్తుంది. అక్కడి తీక్ష్ణత మామూలు ఎండకు సుమారు 85 రెట్లు. నల్లగాజును బిగించేది సరిగా ఈ వేడి దాపుననే. ఒకచోట వేడెక్కి, మరొకచోట చల్లగా ఉన్న గాజు చెప్పకుండా పగులుతుంది. పగిలే క్షణాన దాని వెనుక ఉండేది విద్యార్థి కన్ను. రెటీనాకు నొప్పి తెలియదు కనుక, అది కాలిన సంగతి కూడా ఆ క్షణాన తెలియదు. ఈ బిళ్ళను పెట్టెలో దాచి ఉంచడం సరికాదు. ఉన్న వస్తువును ఏదో ఒకనాడు ఎవరో ఒకరు బిగిస్తారు. పగులగొట్టి పారవేయవలెను. మసి పట్టించిన గాజుపలక, ఎక్స్‌రే ఫిల్ము మొదలైనవి కూడా దీనికి బదులు కాజాలవు.

మరి సూర్యుని చూచేదెట్లు? సమాధానం నాలుగు శతాబ్దాల నాటిది. కంటిని తీసివేసి, ఆ స్థానంలో కాగితాన్ని ఉంచవలెను. 1612 ప్రాంతంలో గెలీలియో శిష్యుడైన బెనెడెట్టో కాస్టెల్లి దూరదర్శిని గుండా వచ్చే సూర్యబింబాన్ని కాగితం మీద పడనిచ్చి, మచ్చలను అక్కడికక్కడే గీసే పద్ధతిని కనిపెట్టినాడు. 1631 నవంబరు 7న పియేర్ గసెండీ పారిస్‌లో ఈ విధంగానే సూర్యబింబం మీదుగా బుధగ్రహం దాటిపోవడం చూచినాడు. 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో రిచర్డ్ కారింగ్టన్ సుమారు 11 అంగుళాల బింబాన్ని తెర మీద పరచి మచ్చలను గీస్తూ ఉండగా, ఒక మచ్చల గుంపు నడుమ రెండు కాంతిపుంజాలు తటాలున వెలిగినవి. తెరకు నీడపట్టే అట్టలో రంధ్రం పడి ఎండ లోపలికి వచ్చినదేమోనని మొదట అనుకొని, ఆయన బింబాన్ని కొంచెం జరిపి చూచినాడు. ఆ వెలుగులు బింబంతోపాటే జరిగినవి. అవి సూర్యునివే అని తేలినది. సౌరప్రజ్వలనాన్ని మానవుడు గుర్తించిన మొదటి సందర్భం అది. దానికి కావలసి వచ్చినది ఒక దూరదర్శిని, ఒక తెర, పరికరాన్ని శంకించే బుద్ధి.

ఈ పద్ధతిలో చౌక పరికరపు దోషాలుగా పేరుపడినవి కొన్ని గుణాలుగా మారుతవి. దానితో వచ్చే హైగెన్స్ రకం అక్షికటకాన్ని రాత్రి పరిశీలకులు చిన్నచూపు చూస్తారు. కాని అందులోని రెండు కటకాలు జిగురుతో అతికినవి కావు గనుక సూర్యుని వేడికి చెడవు. ఖరీదైన అక్షికటకాలలో ఆ జిగురే మొదట దెబ్బతింటుంది. కటకాలు ప్లాస్టిక్కువైతే మాత్రం ఈ పనికి వాడరాదు. అట్లే 60 మిల్లీమీటర్ల కటకం దాదాపు 2 వికలల కోణం వరకు వివరాన్ని విడదీయగలదు. వికల అంటే డిగ్రీలో 3600వ వంతు. పగటిపూట నేల వేడికి అల్లాడే గాలి అంతకంటె సూక్ష్మమైన వివరాన్ని ఎట్లాగూ నిలువనివ్వదు. కనుక పగటి పనికి ఈ కటకం చిన్నది కాదు.

లెక్క కూడా విద్యార్థికి అందేదే. నాభ్యంతరాన్ని 108తో భాగిస్తే నాభి వద్ద సూర్యబింబపు వ్యాసం వస్తుంది; 700కు అది ఆరున్నర మిల్లీమీటర్లు. 20 మిల్లీమీటర్ల అక్షికటకం వెనుక 33 సెంటీమీటర్ల దూరాన తెల్లకాగితం ఉంచితే ఆ బింబం పదిహేనున్నర రెట్లు పెరిగి, ఇంచుమించు 10 సెంటీమీటర్ల వృత్తమవుతుంది. సూర్యుని వ్యాసం 13,92,000 కిలోమీటర్లు గనుక కాగితం మీద ఒక్క మిల్లీమీటరు సుమారు 13,900 కిలోమీటర్లు, అనగా భూగోళం కంటె కొంచెం ఎక్కువ. 2024 మే నెలలో కనిపించి, ఆ నెల 10, 11 తేదీల పెద్ద అయస్కాంత తుపానుకు కారణమైన మచ్చల గుంపు భూమి వ్యాసానికి దాదాపు 15 రెట్ల పొడవున్నది. ఇటువంటి కాగితం మీద దాని పొడవు 14 మిల్లీమీటర్లు. ఈ కొలత తరగతిలోని ప్రతి విద్యార్థి తన స్కేలుతో తీయగలడు. కంటితో చూచే పద్ధతిలో ఒకరు చూస్తుంటే నలభైమంది నిలబడవలెను. కాగితం మీద నలభైమందీ ఒక్కసారే చూస్తారు.

ఇక సవరణలు. గురి చూచుకొనే చిన్న దుర్భిణిని ఊడదీయవలెను. దానిలో కన్ను పెట్టినా ప్రమాదం అంతే. గురికి గొట్టపు నీడ చాలు. నేల మీద ఆ నీడ అతి చిన్నదైనప్పుడు దూరదర్శిని సూర్యుని వైపు తిరిగినట్లు. గొట్టం ముందుభాగానికి మధ్య రంధ్రం గల వెడల్పాటి అట్టను తొడిగితే తెర మీద నీడ పడి బింబం స్పష్టమవుతుంది. స్టాండు కాళ్ళను పూర్తిగా చాచక, నడుమ ఇసుక సంచిని వేలాడదీస్తే వణుకు తగ్గుతుంది. కాంక్రీటు మేడ కంటె గడ్డినేల మేలు. మధ్యాహ్నం కంటె ఉదయం మేలు. రెండు మూడు నిమిషాలకొకసారి గొట్టాన్ని పక్కకు తిప్పి అక్షికటకాన్ని చల్లారనివ్వవలెను. అద్దాలతో పనిచేసే చిన్న దూరదర్శినులను ఈ పద్ధతికి వాడరాదు. వాటి లోపలి చిన్న అద్దం, దాని ప్లాస్టిక్కు పట్టు వేడికి తాళలేవు.

ఈ పద్ధతిలోనూ లోపం లేకపోలేదు. తెర దగ్గర ఎంత క్షేమమో, అక్షికటకం దగ్గర అంత అపాయం. ఉపాధ్యాయుడు అటు తిరిగిన క్షణంలో ఒక పిల్లవాడు వంగి కన్ను పెట్టవచ్చును. కనుక అక్షికటకం మొదలు తెర వరకు అట్టపెట్టెతో మూసి, ఒక ప్రక్క మాత్రమే తెరచి ఉంచవలెను. ఆ తెరపు కూడా తల దూరనంత చిన్నదిగా ఉండవలెను. పెద్దవారు లేనప్పుడు పరికరాన్ని ఎండలో విడువరాదు. ఇంతకంటె భద్రమైనది వస్తుకటకానికి ముందే తొడిగే సౌరఫిల్టరు. దూరదర్శినుల కొరకే చేసిన ఈ పొర వెలుతురులో లక్షలో ఒక వంతును మాత్రమే లోపలికి పోనిస్తుంది. వేడి గొట్టంలోకి ప్రవేశించదు. కాని అది గాలికి ఎగిరిపోకుండా బిగించవలెను, సూదిమొన రంధ్రమున్నదేమో ప్రతిసారీ చూడవలెను. దీనితో చూచినప్పుడు వివరం ఎక్కువ. చూచేది మాత్రం ఒక్కరే.

పెట్టె మీది ఎర్రని సౌరజ్వాలల బొమ్మ మరొక అతిశయోక్తి. అవి ఈ రెండు పద్ధతులలోనూ కనిపించవు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణ సమయంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో వాటిని వర్ణపటదర్శినితో పరీక్షించి, గ్రహణం లేనప్పుడు కూడా చూడగల ఉపాయం కనిపెట్టినాడు. దానికి కావలసిన సాధనం వేరు. చౌక దూరదర్శిని చూపేది మచ్చలను, వాటి చుట్టూ ఉండే పలుచని నీడను, బింబపు అంచున క్రమంగా తగ్గే వెలుగును మాత్రమే.

అది తక్కువేమీ కాదు. బింబం తెర మీద తనంతట జరిగిపోయే దిక్కు పడమర అని గుర్తించి, ప్రతిదినం ఒకే పరిమాణపు వృత్తంలో మచ్చలను గీస్తే, అవి సుమారు పదమూడు రోజులలో బింబాన్ని దాటడం, సూర్యుడు భూమి నుండి చూచేవారికి దాదాపు 27 రోజులకు ఒకసారి తిరగడం పుస్తకం చూడకుండానే తేలుతుంది. కారింగ్టన్ చేసినట్లు గొట్టాన్ని కొంచెం కదిపితే బింబంతో కదిలేది మచ్చ, కదలక నిలిచేది అక్షికటకం మీది దుమ్ము. జర్మనీలోని డెస్సావు పట్టణంలో మందుల వ్యాపారి హైన్రిఖ్ ష్వాబె 1826 నుండి ఇట్లు దినదినమూ మచ్చలను లెక్కించి, అవి సుమారు పదేళ్ళకొకసారి పెరిగి తరుగుతున్నవని 1843లో ప్రకటించినాడు. శ్రీహరికోట నుండి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1 వంటి నౌకలు సూర్యుని చూచే ఈ కాలంలో, బడిలో గీసిన వృత్తాలు శాస్త్రానికి కొత్త సంగతి చెప్పకపోవచ్చును. పుస్తకంలోని సంగతి నిజమో కాదో తానే తేల్చుకొనే అలవాటును అవి విద్యార్థికి నేర్పుతవి. బీరువా మీది దూరదర్శినిని దింపి, నల్లగాజు బిళ్ళను తీసివేసి, కాగితాన్ని అమర్చడానికి ఒక పూట చాలును.