ఫీలయ్యాడు, సరే. ఏమయ్యాడు?

పోయిన సంక్రాంతికి ఇంటికి రాలేనని ఫోన్లో చెప్పాను. సాయంత్రానికి అక్క నుంచి మెసేజ్: "అమ్మ ఫీలైందిరా."

బాధపడి ఉంటుంది, చూడాలని ఉండి ఉంటుంది అనుకుని రాత్రి వీడియో కాల్ చేశాను. అరగంట మాట్లాడాను. అమ్మ ముభావంగా ఊఁ కొట్టింది. అసలు సంగతి నాలుగు రోజుల తర్వాత తెలిసింది. నేను వస్తున్నానని అమ్మ అప్పటికే వీధిలో అందరికీ చెప్పేసుకుంది. అరిసెల పాకం పట్టడానికి పక్కింటి పిన్నిగారిని పిలిచింది కూడా అందుకే. ఆవిడ ముందు ఇప్పుడేం చెప్పాలి? అమ్మ బాధపడలేదు, చిన్నబుచ్చుకుంది. వీడియో కాల్ బాధకి పనికొస్తుంది, దీనికి కాదు. అక్కని అనడానికేం లేదు. ఆ మెసేజ్ నేను పెట్టినా అదే మాట రాసేవాణ్ని.

ఇంగ్లీషులో 'ఫీల్' సాధారణంగా ఒంటరిగా నిలబడదు. సాడ్ అనో, హ్యాపీ అనో, కోల్డ్ అనో పక్కన ఒక తోడు కావాలి. మన దగ్గరికి వచ్చేసరికి ఆ తోడు ఊడిపోయింది. 'ఫీలయ్యాడు' అంటే చాలు, నొప్పే. ప్రమోషన్ వచ్చినవాణ్ని పట్టుకుని ఎవరూ 'ఫీలయ్యాడు' అనరు. పక్కనున్న తమిళులు కూడా 'ఫీల్ పణ్ణాదే' అంటే బాధపడకు అనే. కాబట్టి దీన్ని తప్పుడు ఇంగ్లీషు అనడం దండగ. ఇది తెలుగు క్రియే, పైగా బాగా కష్టపడే క్రియ. 'పెద్ద హీరోలా ఫీలవుతున్నాడు' అంటే ఊహించుకుంటున్నాడని. 'ఫీలవ్వనంటే ఒకటి చెప్తా' అంటే తిట్టబోయే ముందు కట్టే ఇన్సూరెన్స్. 'కథలో ఫీల్ ఉంది' అంటే ఏమిటో అన్నవాళ్లకే తెలియాలి. (నేనూ ఒక సమీక్షలో రాశాను. గడువు దగ్గరపడింది, ఇంకేం తోచలేదు.)

తెలుగు చచ్చిపోతోందని గుండెలు బాదుకునే వ్యాసం కాదిది. పరాయి మాటకి 'అవు' తగిలించి వాడుకోవడం మనకి ఎప్పట్నించో అలవాటే. తెలంగాణలో 'గుస్సా అయిండు', 'నారాజ్ అయిండు', 'ఖుషీ అయిండు' అంటారు. అయితే ఒకటి గమనించండి. గుస్సా వేరు, నారాజ్ వేరు. ఆ మాటలు దేని పని అది చేస్తున్నాయి. 'ఫీల్' అలా కాదు, వచ్చి అన్నిటి కుర్చీల్లోనూ తనే కూర్చుంది.

ఆ కుర్చీలు ఎవరివి? మనవాళ్లెవరో అనకూడని మాట అంటే నొచ్చుకుంటాం. నలుగురిలో విలువ తగ్గితే చిన్నబుచ్చుకుంటాం. ఎగతాళి చేస్తే ఉడుక్కుంటాం. ఎవరికీ చెప్పుకోలేనిదైతే కుమిలిపోతాం. ఇక అలక సంగతే వేరు. తీర్చేవాళ్లు ఉన్నారన్న ధీమా ఉంటేనే ఎవరైనా అలుగుతారు. పెళ్లిలో అల్లుడికి అలకపాన్పు వేసేది అందుకే. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ కృష్ణుడి మీద అలిగింది కాబట్టి కావ్యం నడిచింది. ఆమె 'ఫీలయ్యి' ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు గానీ, స్వర్గం నుంచి చెట్టు పీక్కొచ్చే పని మాత్రం పడేది కాదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్నది ఇంకొకటి. నొచ్చుకున్నాడు అనే మాటకి జతగా నొప్పించాను ఉంది. చిన్నబుచ్చుకుందికి చిన్నబుచ్చాను, ఉడుక్కున్నాడుకి ఉడికించాను. ఒకరికి తగిలిందంటే ఇంకొకరి చెయ్యి ఉందని ఆ మాటల నిర్మాణంలోనే ఉంది. 'ఫీలయ్యాడు'కి ఆ జత లేదు. 'నేను అమ్మని ఫీల్ చేశాను' అని ఎవరూ అనరు. కావాలంటే 'ఫీలయ్యేలా చేశాను' అని చుట్టు తిరిగి రావచ్చు, కానీ ఎవరొస్తారు? వాన పడినట్టు, కరెంటు పోయినట్టు, అమ్మ ఫీలైంది. ఈ లెక్కన 'హర్ట్' కాస్త నిజాయితీ గలది. హర్ట్ అయ్యాడు ఉంది, హర్ట్ చేశాడూ ఉంది.

కొత్త కథల్లో నాకున్న పేచీ ఇక్కడే. పాత్రలు 'ఫీలవ్వకు మామా' అనుకుంటే ఇబ్బందేం లేదు, అలా అనకపోతేనే ఎబ్బెట్టుగా ఉంటుంది. కథకుడి గొంతులో 'ఆమె చాలా ఫీలైంది' అని వచ్చినప్పుడు మాత్రం నేను ఆగిపోతాను. అలిగిందా, అవమానపడిందా, లోపల్లోపల కుమిలిందా? అది తేల్చుకునే పని రచయితది. ఆ పని నాకు వదిలేసి తర్వాతి సీన్‌కి వెళ్లిపోయాడు. 'చాలా' చేర్చినంత మాత్రాన ఏమీ తేలదు. అలాగని దిద్దుబాటు పేరుతో 'విచారానుభూతికి లోనైంది' అని రాసేవాళ్లనీ చూశాను. అది ఇంకా ఘోరం. తెలుగులో భయమేస్తుంది, సిగ్గేస్తుంది, జాలేస్తుంది, మనసు చివుక్కుమంటుంది. ఎవరూ అనుభూతి చెందరు, అనువాద యంత్రాలు తప్ప.

మాట్లాడేటప్పుడు ఈ మాటకున్న మసక మేలే చేస్తుందని ఒప్పుకోవాలి. 'నువ్వు అవమానపడ్డావా?' అని స్నేహితుణ్ని అడగలేం. 'ఫీలయ్యావా?' అని అడగొచ్చు. వాడు 'లేదురా' అనేసి తప్పించుకోవచ్చు. ఇద్దరి పరువూ దక్కుతుంది.

ఉగాదికి ఇంటికెళ్లినప్పుడు ఈ పరిశోధనంతా తలలో పెట్టుకుని, వంటింట్లో కూర్చుని, "అప్పుడు నిన్ను చిన్నబుచ్చాను కదమ్మా" అన్నాను. అమ్మ మామిడికాయ కోయడం ఆపలేదు.

"ఆఁ, ఏదో కాస్త ఫీలయ్యాన్లే. ఆ బెల్లం ఇటియ్యి."