పగడాల తొట్టికి పాచి లెక్క

కొత్తగా పెట్టిన సముద్రపు తొట్టిలో రెండు మూడు వారాలకు ఇసక మీద తుప్పు రాలినట్టు గోధుమరంగు పొర కనిపిస్తుంది. అవి డయాటమ్‌లు. నీళ్లలోని సిలికేట్ అయిపోగానే చాలావరకు వాటంతటవే పోతాయి. వాటి వెనకాలే ఎర్రటి జిగురు పొర, ఆ తరవాత రాళ్లకు పచ్చటి జుట్టు మొలిచినట్టు పాచి. ఎంతోమంది ఇక్కడే మనసు విరిగి తొట్టి అమ్మేస్తారు. వాళ్లను ఆపి ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది. తొట్టి పాడైపోలేదు. లోపలికి వేస్తున్నదానికీ బయటికి తీస్తున్నదానికీ లెక్క ఇంకా కుదరలేదు, అంతే.

ఆ లెక్క తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ తన పద్ధతిని ఒక అమెరికన్ పత్రికలో రాశారు. అప్పట్లో ఉప్పునీటి తొట్టిలో పెట్టేవి కడిగి ఆరబెట్టిన తెల్లటి పగడపు ఎముకలు. ఆయన మాత్రం సముద్రంలోంచి జీవులు అంటుకునివున్న రాళ్లను అలాగే తెచ్చి, కాస్త గాలి బుడగలు వదిలి, ఎండ తగలనిచ్చారు. ఫిల్టర్ పనంతా ఆ రాళ్లే చేశాయి. చేపలు వదిలే అమ్మోనియాను రాతి పైపొరలోని బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తరవాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ చొరబడని లోపలి రంధ్రాల్లో మరోరకం బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తుంది.

దీనికి ఒక పద్ధతిగా రూపం వచ్చింది జర్మనీలో. 1970, 80 దశకాల్లో పీటర్ విల్కెన్స్ రాతలు, బెర్లిన్‌లో డీట్రిష్ స్ట్యూబర్ లాంటి పెంపకందార్ల అనుభవం కలిసి ‘బెర్లిన్ పద్ధతి’ అయ్యాయి. లైవ్ రాక్ (అవే జీవమున్న రాళ్లు), బలమైన వెలుతురు, తక్కువ చేపలు, ప్రోటీన్ స్కిమ్మర్, సున్నపు తేట. బెల్లం వండే చోటికి ఒక్కసారి వెళ్లినవాళ్లకు స్కిమ్మర్ గురించి వేరే చెప్పక్కర్లేదు. మరిగే చెరుకు రసం మీది తెట్టును తీసినట్టే, సన్నటి బుడగలకు అంటుకున్న మురికిని అది కుళ్లకముందే పైనున్న గిన్నెలోకి తోసేస్తుంది.

నాకు ఇష్టమైనది మాత్రం సున్నపు తేట. పగడం ఎముక కట్టుకోవడానికి కావలసిన కాల్షియం, క్షారం రెండూ అందులోంచే అందుతాయి. నీళ్లలోని ఫాస్ఫేట్ కొంత దాంతో కలిసి అడుక్కి దిగిపోతుంది. కానీ దాని పీహెచ్ 12 దాటుతుంది. గ్లాసుతో గుమ్మరిస్తే తొట్టి మొత్తం చచ్చిపోవచ్చు. తొట్టి నీళ్ల పీహెచ్ రాత్రిపూట దానంతటదే పడిపోతుంది కనక, రాత్రంతా బొట్టు బొట్టుగా వదలాలి.

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా బాబాయికి ఫోన్లో ఈ సంగతి చెబితే, “మా చెరువుకీ సున్నమే కదరా వేసేది. మరి మీ నీళ్లకి రంగు రాలేదా?” అన్నాడు. రంగు రాకూడదు బాబాయ్ అంటే చాలాసేపు నమ్మలేదు. ఆయన చెరువులో ప్లాంక్టన్ పట్టి నీళ్లు పచ్చగా తిరగాలి. అదే నైట్రోజన్, అదే ఫాస్ఫరస్. అక్కడ పంటకు బలం, ఇక్కడ కలుపుకు బలం.

ఈ రెండింట్లో మొండిది ఫాస్ఫేట్. నైట్రోజన్‌కు గాలిలోకి దారి ఉంది, దీనికి లేదు. మేతతో వచ్చింది చేతులతో తీసేదాకా తొట్టిలోనే ఉంటుంది. రాళ్లు దాన్ని పీల్చుకుని దాచి, నెలల తరబడి మెల్లగా వదులుతాయి. అందుకే పాచి దట్టంగా ఉన్న తొట్టిలో కూడా టెస్ట్ కిట్ ఒక్కోసారి సున్నా చూపిస్తుంది, ఉన్నదంతా పాచి తినేసింది కాబట్టి. విస్తట్లో మిగిలింది చూసి ఎంత వడ్డించారో చెప్పలేం.

అందుకే కొందరు పాచినే పనికి పెట్టారు. తొట్టి కింద మరో గదిలో కీటోమార్ఫా అనే తీగపాచిని పెంచి, పైన దీపాలు ఆరాక దానికి దీపం వేస్తారు. వారానికోసారి గుప్పెళ్లతో పీకి పారేస్తే నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ దాంతోనే బయటికి పోతాయి. స్మిత్‌సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ ఇదే సూత్రంతో పాచి పరుపుల మీదుగా నీళ్లు పారించి, పెద్ద పగడపు తొట్టినే నడిపారు.

లెక్క ఎంత కుదిరినా మేసే నోళ్లు కావాలి. 1983లో పనామా తీరం దగ్గర మొదలైన ఒక జబ్బు 1984 మొదటికల్లా కరీబియన్ సముద్రమంతా పాకి, పొడుగు ముళ్ల నల్ల అర్చిన్‌లలో నూటికి తొంభైకి పైగా చంపేసింది. పాచి తినే చేపల్ని జనం అప్పటికే పట్టి తినేశారు. మేసేవి లేక జమైకా పగడపు దిబ్బలు పాచి కింద కప్పబడిపోయాయి. పాచి మేసే నత్తలు కొనడానికి వెనకాడే మిత్రులకు నేను చెప్పే కథ ఇదే.

ఇంతా తెలిసీ మూడేళ్ల కిందట సున్నా వెంట పడ్డాను. ఫాస్ఫేట్‌ను పట్టే ఐరన్ ఆక్సైడ్ గుళికలు మోతాదు మించి వేశాను. జుట్టు పాచి పోయింది. దాంతోపాటే పగడాల రంగూ పోయింది. నెల తిరక్కుండా బుడగలు పట్టిన గోధుమరంగు చీమిడి తొట్టంతా తీగలు సాగింది. డైనోఫ్లాజెలేట్లు. పోటీకి పచ్చ పాచి లేని చోట అవి రాజ్యమేలుతాయి. నత్తలు ఒక్కటొక్కటే చచ్చిపోయాయి. పగడం ఒంట్లో ఉండి దానికి అన్నం పెట్టే సూక్ష్మ శైవలాలకూ ఫాస్ఫేట్ కావాలన్న సంగతి మరిచిపోయాను. నైట్రేట్ ఉండి ఫాస్ఫేట్ కరువైతే, వేడికీ వెలుతురుకీ పగడం తొందరగా తెల్లబడిపోతుందని సౌతాంప్టన్ పరిశోధకులు 2013లోనే చూపించారు. ఇప్పుడు నైట్రేట్ 5 పీపీఎం దగ్గర, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 లోపల ఉంచుతున్నాను. అద్దం మీద కాస్త పచ్చదనం కనిపిస్తే గీకుతాను, కంగారుపడను.

పగడం ఎక్కడి నుంచి వచ్చిందన్నదీ ముఖ్యమే. భారతదేశంలో రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రంలోంచి వాటిని తీయడం నేరం. అలా ఉండటమే న్యాయం. ఇళ్లలో పగడాల్ని బతికించడం నేర్చుకున్నాక, విదేశాల్లో ఈ అభిరుచి దారి కూడా మారింది. స్ట్యూబర్ తన తొట్టిలో పెరిగిన కొమ్మ పగడాన్ని ముక్కలు చేసి పంచితే, అది దేశదేశాల తొట్లకు చేరింది. ఇక్కడ న్యూజెర్సీలో మా ఇంటి నీలి కొసల పగడమూ ఒకరు ఇచ్చిన బొటనవేలంత ముక్కే. ఇప్పటికి నాలుగిళ్లకు పంచాను. ముక్కతో పాటు ఒక సంచిలో గుప్పెడు కీటోమార్ఫా పాచి కూడా పెట్టి ఇస్తాను.