ధనుర్మాస గానసభలు - సాహిత్యోచ్చారణము

చెన్నపట్టణమునకు ధనుర్మాసము గానమాసము. 1927 డిసెంబరులో అచ్చట కాంగ్రెసు మహాసభతోపాటు సంగీత మహాసభయు జరిగెను. దాని ఫలముగా 1928లో మ్యూజిక్ అకాడమీ వెలసినది. నేడు పెక్కు సభలవారు డిసెంబరు నడుమనుండి జనవరివరకు ఉదయము మొదలు రాత్రివరకు కచ్చేరీలు జరుపుచున్నారు. ఒడిలో చిన్న పుస్తకము తెఱచి రాగలక్షణము సరిచూచుకొను శ్రోతలు అచ్చట కలరు. అట్టి శ్రద్ధ వేఱొకచోట అరుదు. ఈ వైభవమును మేము తక్కువ చేయము.

అయినను ఒక లోపము చెప్పక తప్పదు. ఒకనాటి సాయంకాలము ఒక సభలో యువగాయకుడొకడు త్యాగరాజ కీర్తన పాడుచు నెరవలు నెత్తుకొనెను. నెరవలనగా కీర్తనలోని యొక పంక్తినే గైకొని, అక్షరములు తాళమున తమ చోట్లు తప్పకుండ, రాగభావముతో పలుమాఱులు విస్తరించుట. పంక్తి యర్థము మనసున నాటుటకే యీ పునరుక్తి. ఆ గాయకుని శారీరము మధురము, లయ నిర్దుష్టము. కాని యతడు ప్రతిమాఱును పదము నడుమ ఊపిరి తీసి, సంబోధనను రెండు తునుకలు చేసెను. రామునితో మొఱపెట్టుకొను మాట వట్టి అక్షరముల మూటయైనది. మా ప్రక్కనున్న తెలుగు మిత్రుడు "ఇది తెలుగేనా?" అని మమ్మడిగెను. ఆ చరణమున కర్థమేమని మేమడుగగా నతడు చెప్పలేకపోయెను. నిజము చెప్పవలెనన్న, మేమును తడబడితిమి.

కొన్నియెడల కీర్తన మట్టే పదమును విఱుచును. అది గాయకుని దోషము కాదు. ఊపిరి ఎచ్చట తీయవలెనో యెఱుగుట మాత్రము గాయకుని వంతు. రాగమే ప్రధానము, మాట యెట్లున్న నేమి యనువారికి మా ప్రత్యుత్తరమొక్కటే: అట్లైన వీణ చాలును, కీర్తన యేల?

తమ భాషలో పాటలు వినగోరి తమిళులు 1943లో తమిళ ఇసై సంఘమును స్థాపించిరి. అది తెలుగుపై ద్వేషమని తలచుట తప్పు. విన్నది తెలియవలెనను కోరిక న్యాయమైనది. ఆ న్యాయమే తెలుగు కీర్తనలకును వర్తించును. కావేరీతీరమున తిరువయ్యారులో నివసించి తెలుగున పాడిన త్యాగరాజు ఇరువురికిని చెందినవాడు.

కావున సభలవారు ఆనాటి ప్రధాన కీర్తనల పదవిభాగమును, తాత్పర్యమును తమిళమున, తెలుగున ఒక కాగితముపై అచ్చొత్తించి ద్వారముకడ పంచవలెను. గాయకులు పాఠము నేర్చునపుడే తెలుగెఱిగినవారికి పదములు చదివి వినిపింపవలెను. ఇక తెలుగువారము, పరుల యుచ్చారణమును నవ్వుటకు ముందు, ఒక్క కీర్తననైన అర్థముతో నేర్చుకొని సభకు పోవుదము.